మైకు బాగానే ఉంది

బస్టాండులో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. డ్రైవర్లకీ, కండక్టర్లకీ, టీకొట్టు యజమానికీ, ఎప్పుడో నెలకోసారి ఊరెళ్ళే ప్రయాణికులకీ కూడా ఆవిడ మైకమ్మే. మనిషిని చూసినవాళ్ళు తక్కువ, గొంతు విననివాళ్ళు లేరు. ప్లాట్‌ఫారాల మధ్యలో ఇనుపమెట్లు ఎక్కితే వచ్చే అద్దాలగదిలో కూర్చుని ఆవిడ పలికే మాట బస్టాండంతా తిరిగి, గోడ దాటి, వెనకవీధిలో ఉన్న ఆస్పత్రి దాకా పోతుంది. అక్కడి రోగులు ఆ గొంతు వినే మందులు వేసుకుంటారని చెప్పుకునేవాళ్ళు. పిట్ట కొంచెం కూత ఘనం అని డ్రైవర్లు ఆటపట్టిస్తే, "ఆ కూత లేకపోతే మీ బండ్లు కదలవు నాయనా, తిట్టకండి" అనేది.

వయసైపోయిందని ఒకసారి ఇంటికి పంపించారు. ఆవిడ చోట్లో కూర్చున్న అమ్మాయి మాట ఎవరికీ అర్థం కాక, అందరూ ఒక ప్లాట్‌ఫారం మీంచి ఇంకో ప్లాట్‌ఫారానికి పరుగులు పెడుతుంటే, మేనేజరే మళ్ళీ కబురుపెట్టాడు. కబురు పెట్టాడే గానీ, రికార్డు చేసిన గొంతుతో దానంతటదే మాట్లాడే మిషను ఒకటి వస్తుందని అప్పుడప్పుడూ ఆవిడ చెవిన వేస్తూనే ఉండేవాడు. రానీ చూద్దాం అనేది మైకమ్మ. లోపల మాత్రం భయమే. ఈ గొంతు తప్ప తన దగ్గర ఇంకేముంది?

పని చూడటానికి తేలికే. బస్సు లోపలికి రాగానే కింద టైంకీపరు కేక వేస్తాడు. గోడకున్న చెక్కపలక మీద ప్లాట్‌ఫారానికి ఒక వరస చొప్పున మేకులుంటాయి. బస్సుకొక రేకుబిళ్ళ. కుడిచేత్తో బిళ్ళ తీసి మేకుకి తగిలించి, ఎడమచేత్తో మీట నొక్కి, ఊపిరి ఒక్కసారి నిండా పీల్చుకుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెడుతుంది. నోట్లోంచి వచ్చేదాన్ని ఆవిడ ఏనాడూ వినలేదు. ఇంజన్ల రొదలో వినపడదు కూడా. కిటికీకి ఎదురుగా స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు లోంచి తన గొంతు తనకి తిరిగి వస్తే అది విని సరిచూసుకుంటుంది. ఇన్నేళ్ళుగా ఆవిడకి తన గొంతంటే ఆ స్పీకర్లోంచి వచ్చేదే.

ఆరోజు పొద్దెక్కాక రేవుబస్సు వచ్చింది. మైకమ్మ మీట నొక్కి, రేవుకి వెళ్ళే బస్సు మూడవ ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉందని చెప్పింది. స్పీకర్లోంచి మాత్రం ముద్దముద్దగా, నోట్లో అన్నం కుక్కుకుని మాట్లాడినట్టు ఏదో వచ్చింది. మైకు మీద రెండుసార్లు తట్టి మళ్ళీ చెప్పింది. ఈసారి ఇంకా అధ్వాన్నంగా వచ్చింది. కింద జనం తలలెత్తి చూశారు. "మైకు మార్పించమ్మా మైకమ్మా, గొంతులో జలుబు చేసింది దానికి" అని ఒక డ్రైవరు అరిచాడు. నవ్వులు వినపడ్డాయి. మైకమ్మకి ఒళ్ళు మండింది. బెల్లు నొక్కి మెకానిక్కుని పిలిచింది. ఈలోగా చేతిలో ఉన్న బిళ్ళని మేకుకి తగిలించబోతే అది వేళ్ళలోంచి జారి కిందపడింది. వంగి తీసింది, మళ్ళీ జారింది. ఫ్యాను కింద కూర్చుని కూర్చుని చెయ్యి తిమ్మిరెక్కినట్టుంది అనుకుంది.

మెకానిక్కుని అందరూ వైర్లాయన అంటారు. భుజం మీద ఎప్పుడూ ఒక వైరుచుట్ట వేలాడుతుంటుంది. పనిమంతుడు, తలవంచుకుని పని చేసుకుపోయేవాడు. నత్తి ఉండటం వల్ల నలుగురిలో నోరు విప్పడు. మైకు బాగుచేసినవాళ్ళెవరైనా హలో హలో అని చూస్తారు. ఈయన చూడడు. బొటనవేలి గోరుతో మైకు మీద టకటకా కొట్టి, స్పీకర్లోంచి ఆ టకటక శుభ్రంగా వస్తే తలూపి సంచీ సర్దుకుంటాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలోంచి మైకమ్మ గొంతు తప్ప ఇంకో గొంతు బయటికి వెళ్ళలేదు.

ఆయన మెట్లెక్కి వచ్చి, ఆంప్లిఫయరు వెనకరేకు విప్పి, తీగలు ఒక్కొక్కటీ లాగి చూసి, మళ్ళీ బిగించి, గోరుతో మైకు మీద కొట్టాడు. టక్ టక్ అని స్పష్టంగా వచ్చింది.

"అక్కా, బా... బా..."

"బాగానే ఉందంటావ్. అంతేగా" అంది మైకమ్మ.

వైర్లాయన మాట మొదలుపెడితే ఆవిడ పూర్తిచేస్తుంది. పాపం ఎంతసేపు కష్టపడతాడు, మనం ఒక మాట అందిస్తే ఏం పోయింది అనుకునేది. అదొక ఉపకారం ఆవిడ లెక్కలో. ఆయన నోరు మూసుకుని తలూపేవాడు.

ఆవిడ మీట నొక్కి రేవుబస్సు సంగతి మళ్ళీ చెప్పింది. గంట కొట్టినట్టు ఖంగుమంటూ వచ్చింది. "చూశావా, నిన్ను చూసి భయపడింది. నీ ఫొటో ఒకటి ఇక్కడ తగిలిస్తే సరిపోతుంది" అని నవ్వింది. వైర్లాయన నవ్వలేదు. సంచీ తగిలించుకుని కూడా కదలకుండా ఆవిడ వంక చూస్తూ నిలబడ్డాడు. కింద గనులబస్సు హారను వేస్తే ఆవిడ పలక వైపు తిరిగిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి మైకు చెడిన సంగతి మొగుడికి చెప్పింది. ఆయన కూడా ఆ బస్టాండు మనిషే. స్టీరింగు ముందు కూర్చున్నన్నాళ్ళూ ఒక చెవి ఇంజనుకి ధారపోసి రిటైరయ్యాడు. రెండో చెవి ఉంది గానీ, అది ఆయన వినదలుచుకున్నప్పుడే పనిచేస్తుందని మైకమ్మ అభియోగం.

"ఏమైందంటావ్, మైకు పోయిందా?" అన్నాడు మంచి చెవి ఇటు తిప్పి.

"పోలేదండీ, కాసేపు ముద్దముద్దగా మాట్లాడి మళ్ళీ బాగైంది."

"దానికి నీకంటే చిన్న వయసేగా, అప్పుడే ఏం రోగం?"

"సరసాలకేం తక్కువ లేదు. ఆ వైర్లాయన పాతతీగలే తిప్పితిప్పి అతుకుతాడు. మనిషి మంచివాడే, ఏమన్నా అనబుద్ధి కాదు" అంది, పళ్ళేలు కడుగుతూ.

మర్నాడు పొద్దున పళ్ళు తోముకుని నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు కుడిపక్క పెదవి చివర నుంచి కారిపోయాయి. మెడ మీదుగా జారి రవిక తడిసింది. ఇంకో పుక్కిలి పట్టింది, అదీ నిలవలేదు. గుమ్మంలో నిలబడి పేపరు చదువుతున్న మొగుడు చూసి పకపకా నవ్వాడు. "చిన్నపిల్లవి అయిపోతున్నావోయ్. మెడకో గుడ్డ కట్టనా?" అన్నాడు. ఆవిడకీ నవ్వొచ్చింది. చెంబు మూతి సొట్టపోయింది, అందుకే కారుతోందంది. చెంబుతో తాగట్లేదు కదా, నోట్లో నీళ్ళు కదా అని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

తర్వాత తలదువ్వుకుంటుంటే ఎడమకంటి ముందు ఎవరో తెర దించినట్టు పైనుంచి కిందికి మసక కమ్మింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది. మళ్ళీ తుడిచింది. కాసేపటికి ఆ తెర ఎవరో ఎత్తినట్టే లేచిపోయింది. అద్దాలకి నూనె అంటుకుంది కాబోలు అనుకుని, బీపీమాత్ర వేసుకున్నానా లేదా అని ఆలోచించి, ఆలస్యమవుతోందని బయల్దేరిపోయింది.

మధ్యాహ్నం దాకా మైకు బుద్ధిగానే ఉంది. గనులబస్సు రావడం ఆలస్యమై, వచ్చీ రాగానే రోజూ ఆగే ప్లాట్‌ఫారం ఖాళీ లేక చివరి ప్లాట్‌ఫారానికి పోయి నిలబడింది. అది చెప్పాలి. మైకమ్మ మీట నొక్కి చెప్పింది. స్పీకరు మళ్ళీ నిన్నటిలాగే నమిలింది. ఆవిడ పళ్ళు కొరుక్కుని మళ్ళీ చెప్పింది, ఇంకోసారి చెప్పింది. ఏ ప్లాట్‌ఫారమో ఏ ఊరో ఎవరికీ తెలియలేదు. జనం రోజూ ఎక్కే చోటే నిలబడి ఎదురుచూస్తుంటే, గనులబస్సు సగం ఖాళీగా గేటు దాటిపోయింది.

కాసేపటికి ఒకావిడ సంచీతో సహా మెట్లెక్కి పైకొచ్చింది. ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. అరుస్తుందనుకుంటే అరవలేదు.

"ఒక్క మాట కూడా తెలియలేదండీ. బస్సు నా కళ్ళముందే పోయింది. మా నాన్నకి బాలేదు, వచ్చెయ్యమని కబురొచ్చింది. మళ్ళీ బస్సు చీకటిపడ్డాకేనట" అని అక్కడే మెట్టు మీద కూలబడింది.

మైకమ్మ ప్రాణం ఉసూరుమంది. నీళ్ళసీసా అందించబోతే చేతిలో పట్టు లేక అది వణికింది. ఈలోగా మేనేజరు వచ్చాడు. వెనకాలే టైంకీపరు, ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు, మెట్లకింద జనం. వైర్లాయన అప్పటికే ఆంప్లిఫయరు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"నిన్ననేగా బాగుచేశానన్నావ్" అన్నాడు మేనేజరు.

వైర్లాయన లేచి నిలబడి గోరుతో మైకు మీద కొట్టాడు. టక్ టక్.

"ఆ టకటకలు నాకొద్దయ్యా. బస్సులు పోతున్నాయి, మనుషులు ఏడుస్తున్నారు. అమ్మా, మీరు చెప్పండి, మైకేనా?"

మైకమ్మ తలూపింది. గొంతు సవరించుకుంటే అప్పటికి మాట మామూలుగానే వచ్చింది. "నిన్నట్నుంచీ అంతే బాబూ. నేను చెప్తూనే ఉన్నాను."

వైర్లాయన ఆవిడ వైపు తిరిగాడు. "అక్కా, మీ... మీ..."

"మైకు బాగానే ఉందంటావ్. ఎన్నిసార్లు చెప్తావు తమ్ముడూ? ఆ అమ్మాయిని చూడు ఒకసారి."

ఆయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. గొంతు దగ్గర నరం ఉబ్బింది. మాట బయటికి రాలేదు. మెట్లకింద ఎవరో "బా... బా... బాగానే" అని వెక్కిరించారు. మేనేజరు రేపు కొత్తమైకు తెప్పిస్తున్నానన్నాడు. అదీ పాడైతే మాత్రం నీ బదులు ఇంకొకణ్ణి చూసుకుంటానని అందరిముందూ అనేశాడు. వైర్లాయన స్క్రూడ్రైవరు సంచీలో పెట్టబోయి, సందు దొరకనట్టు రెండుమూడుసార్లు తడుముకుని, చివరికి చేత్తోనే పట్టుకుని దిగిపోయాడు.

మైకమ్మకి ఆ పూట ముద్ద దిగలేదు. అతను పెళ్ళాంబిడ్డలు గలవాడు. నోరున్నవాడైతే నాలుగు మాటలు అని బయటపడేవాడు, నోరు లేనివాడి మీద అందరూ లోకువే. కానీ తను అన్నదాంట్లో అబద్ధమేముంది? తన చెవులతో తను వినలేదూ? అనుకుంది. అనుకున్నా మనసు కుదుటపడలేదు.

కొత్తమైకు తళతళా మెరుస్తూ వచ్చింది. వైర్లాయన పొద్దున్నే బిగించాడు. పాతతీగలన్నీ పీకి కొత్తవి వేశాడు. ఆ తర్వాత కిందికి పోకుండా ఆంప్లిఫయరు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ మాట్లాడినప్పుడల్లా ఆంప్లిఫయరు మీద చిన్నముల్లు లేచి పడుతుంటుంది. ఆయన దానివంకే చూస్తున్నాడు. టీ తెప్పిస్తే తాగలేదు.

"కోపమొచ్చిందా తమ్ముడూ?" అంది మైకమ్మ.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

పొద్దంతా ఒక్క మాట చెడలేదు. రేవుబస్సులు, గనులబస్సులు, ఎర్రవంతెన మీదుగా పోయేవి, ఏ బిళ్ళకి తగ్గ మేకు దానికే. ఇవాళ గండం గడిచినట్టేనని మైకమ్మ అనుకుంటుండగా ఎండ కిటికీ దాటింది. ఎర్రవంతెన బస్సు వచ్చింది. ఆవిడ బిళ్ళ తీసి, మీట నొక్కి, మాట్లాడింది.

స్పీకరు నమిలింది.

ఎక్కడలేని కోపం వచ్చింది ఆవిడకి. కొత్తమైకు, కొత్తతీగలు, మనిషి పక్కనే కాపలా. ఇప్పుడేమంటావ్, విన్నావా అని అడుగుదామని స్టూలు వైపు తిరిగింది. వైర్లాయన ముల్లు వంక చూడటం లేదు. ఆవిడ మొహం వంకే చూస్తున్నాడు. ఆవిడ అడగదలుచుకున్నది అడిగింది గానీ, ఆ మాట ఏమిటో ఆయనకి తెలిసినట్టు లేదు. బిళ్ళ నేలమీద పడి దొర్లుకుంటూ గోడ దాకా పోయింది.

ఆయన లేచి దగ్గరికొచ్చాడు. ఆవిడ కుడిచెయ్యి మోచేతి దగ్గర పట్టుకుని పైకెత్తి వదిలాడు. చెయ్యి తడిగుడ్డలా ఒళ్ళోకి జారింది. ఆవిడ నోటి కుడిమూల నుంచి కారుతున్నదాన్ని తన భుజం మీది గుడ్డతో తుడిచాడు. తర్వాత, ఆ గదిలో అడుగుపెట్టిన ఇన్నేళ్ళలో ఏనాడూ చెయ్యని పని చేశాడు. వంగి మీట నొక్కి, మైకుకి నోరు దగ్గరపెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

"ప్ర... ప్ర... ప్రయాణికులకు వి... విజ్ఞప్తి."

కింద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఆగలేదు.

"ఎ... ఎర్రవంతెన బస్సు... రెం... రెండో ప్లాట్‌ఫారం."

మైకమ్మ కిటికీకి ఎదురుగా ఉన్న స్పీకరు వంక చూస్తూ వింది. మాట తెగింది, ఆగింది, తడబడింది. కానీ వచ్చిన ప్రతి ముక్కా కడిగిన గిన్నెలా శుభ్రంగా వచ్చింది. అదే మైకు, అవే తీగలు, ఆ స్పీకరే. మైకుకి ఏ రోగమూ లేదు. నిన్నా లేదు, మొన్నా లేదు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఆ సామెత ఎంతమంది మీద విసిరిందో ఆవిడ. అది ఇవాళ తనమీదికే తిరిగొచ్చి కూర్చుంది. ఒక్కసారిగా అన్నీ కళ్ళముందుకొచ్చాయి. జారిన బిళ్ళలు, కారిన నీళ్ళు, తుడిచిన కళ్ళజోడు, బస్సు తప్పిపోయి మెట్టు మీద కూలబడ్డ ఆ అమ్మాయి, సంచీలో సందు దొరకని స్క్రూడ్రైవరు. ఇంత భయం ఆవిడ ఎప్పుడూ ఎరగదు.

వైర్లాయన ఆవిణ్ణి కుర్చీకి ఆనించి పట్టుకున్నాడు. కాసేపటికి నాలుక తేలికైంది. కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే కదిలాయి. ఆవిడ నోరు తడుముకుంది, పెదవులు రెండు పక్కలా సమంగానే తగిలాయి.

"తగ్గిపోయింది" అంది. మాట మామూలుగానే వచ్చింది. "తగ్గిపోయింది తమ్ముడూ. ఏం లేదు, నీరసం. ఎవరికీ చెప్పకు. అసలే మిషను తెస్తామంటున్నారు, గొంతు పోయిందని తెలిస్తే రేపే తెచ్చి పెడతారు. మైకుదే తప్పని నేననను, సరేనా? ఏదో ఒకటి చెప్పి నీమీదికి రాకుండా చూస్తాను."

ఆయన ఆవిడ ముందు నేలమీద కూర్చున్నాడు.

"మా అ... అమ్మకి..."

మైకమ్మ అలవాటుకొద్దీ మాట అందించబోయి ఆగింది. ఏం అందించాలో తెలియలేదు. ఆయన గొంతు దగ్గర నరం ఉబ్బి, అణిగి, మళ్ళీ ఉబ్బింది. ఆవిడ ఎదురుచూసింది.

"ఇ... ఇలాగే వచ్చి పో... పోయింది. గ... గరిటె జారిపడింది. గరిటె జి... జిడ్డుగా ఉందన్నాం. మా... మాట తేడాగా ఉంటే ప... పళ్ళసెట్టు వదులైందన్నాం. పోయిందిగా అ... అనుకున్నాం అక్కా. పో... పోయిందిగా అని."

"తర్వాత?"

"తె... తెల్లారేసరికి ఒ... ఒక పక్క లేదు. మా... మాట లేదు. ఇ... ఇప్పటికీ లేదు."

కింద హారన్లు మోగుతున్నాయి. టైంకీపరు ఏదో బస్సు పేరు రెండుసార్లు కేకేశాడు. ఇద్దరూ కదల్లేదు.

"నా మాట పూ... పూర్తయ్యేదాకా ఆగేది మా అ... అమ్మొక్కతే" అన్నాడు వైర్లాయన.

మైకమ్మ తలదించుకుంది. "నిన్న నువ్వు చెప్పబోయింది ఇదేనా?"

ఆయన తలూపాడు. "మొ... మొన్న కూడా."

మరి చెప్పలేదేం అని అడగడానికి ఆవిడకి మొహం లేదు. ఎందుకు చెప్పలేదో ఆవిడకి తెలుసు. ఆస్పత్రికి వెళ్తే కుర్చీ పోతుంది. వెళ్ళకపోతే? తెల్లారేసరికి ఏముంటుంది, ఏం పోతుంది? గొంతు కాపాడుకుందామని గొంతునే పణంగా పెడుతోంది తను. ఇప్పుడు నాలుక తన మాట వింటోంది. ఇంకో ఘడియకి వింటుందో లేదో. ఉన్నప్పుడే చెప్పాల్సింది చెప్పెయ్యాలి.

ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుని మీట నొక్కింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మైకు బాగానే ఉంది. నిన్నా బాగానే ఉంది, మొన్నా బాగానే ఉంది. వైర్లాయన చేసిన పనిలో ఏ లోపమూ లేదు. చెడింది మైకు కాదు, మాట్లాడే మనిషి. నాకు నోరు వంకర పోతోంది, చెయ్యి పడిపోతోంది, మళ్ళీ తగ్గిపోతోంది. ఆ సంగతి నేను కనిపెట్టలేక అతన్ని నలుగురిలో మాట పడేలా చేశాను. మేనేజరుగారు ఎక్కడున్నా పైకి రావాలి. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

మేనేజరు మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతున్నాడు. ఆవిణ్ణీ, నేలమీద కూర్చున్న వైర్లాయన్నీ చూశాడు. తన కారు తాళాలు జేబులోంచి తీశాడు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని మెట్లు దింపుతుంటే మైకమ్మ సగంలో ఆగింది.

"మరి బస్సులు?"

మేనేజరు టైంకీపరు వంక చూశాడు. టైంకీపరు తన వల్ల కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"తమ్ముడు చెప్తాడు" అంది మైకమ్మ. "నాతో నువ్వు రానక్కర్లేదు తమ్ముడూ, పైకి పో. ఎవరైనా నవ్వితే నవ్వనీ. ఆ రేకుబిళ్ళ గోడవారగా దొర్లింది, తీసి తగిలించు."

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నదే గానీ తొందరపడని మనిషి. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, ఏ పక్క అని అడిగింది. మైకమ్మ ఒక్కటీ దాచకుండా చెప్పింది. చెంబు సంగతీ, కళ్ళజోడు సంగతీ కూడా చెప్పింది. అప్పటికి మొగుడు వచ్చాడు. మంచి చెవి డాక్టరమ్మ వైపు పెట్టి నిలబడ్డాడు.

"మెదడుకి రక్తం తీసుకెళ్ళే దారి కాసేపు మూసుకుని మళ్ళీ తెరుచుకుంటోందమ్మా" అంది డాక్టరమ్మ. "తెరుచుకుంది కాబట్టి మీకు మాట తిరిగొచ్చింది. తెరుచుకోకపోతే అదే పక్షవాతం. దీన్ని చిన్నదెబ్బ అనుకోండి, పెద్దదెబ్బకి ముందు తలుపు కొట్టడం లాంటిది. నోరు వంకరపోవడం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట ముద్దకావడం, కన్ను మసకేయడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నట్టుండి వచ్చినా ఆ క్షణాన్నే రావాలి. తగ్గిపోయినా రావాలి. తగ్గిపోయిందనే కదా అందరూ ఇంట్లో ఉండిపోయేది."

"మొదటిరోజే వస్తే?"

"ఇంకా మంచిది. ఇప్పటికైనా మీ అదృష్టం బాగుంది. కానీ ముప్పు పోయిందని నేననను, ఈ ఒకటి రెండు రోజులే గట్టివి. మా కళ్ళముందే ఉండండి."

తలకి ఫొటోలు తీశారు, మెడ మీద ఏదో యంత్రం పెట్టి చూశారు. మెడలో ఎడమపక్క రక్తనాళం సన్నబడిందన్నారు. మందులు మొదలుపెట్టారు, ఆపరేషను అవసరమవుతుందేమో పెద్దడాక్టరు చూసి చెప్తాడన్నారు. మొగుడు మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నీళ్ళు కారుతుంటే నవ్వానోయ్" అన్నాడు. ఆయన కళ్ళనిండా నీళ్ళున్నాయి. "మెడకి గుడ్డ కడతానన్నాను."

"నేనూ నవ్వానుగా. ఊరుకోండి" అంది మైకమ్మ. ఆయన చెయ్యి కుడిచేత్తోనే పట్టుకుంది. పట్టు ఉందో లేదో చూసుకోవడానికే పట్టుకుంది, ఉన్నాక వదల్లేదు. గనులబస్సు తప్పిపోయిన అమ్మాయికి వాళ్ళ నాన్న మాట దక్కిందో లేదోనని అప్పుడు గుర్తొచ్చింది. అది ఎవరినడిగి తెలుసుకోవాలో ఆవిడకి తెలియలేదు.

పొద్దున కిటికీ తెరిచారు. వెనకవీధి గోడ అవతల బస్సులు తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. నర్సు వచ్చి మంచం పక్కన నిలబడింది. రాత్రి నుంచీ వచ్చినప్పుడల్లా అవే మూడు పనులు చేయిస్తోంది. చేతులు ముందుకి చాపమంటుంది, నవ్వమంటుంది, ఏదైనా ఒక మాట చెప్పమంటుంది.

మైకమ్మ చేతులు చాపింది. రెండూ సమంగా నిలిచాయి. నవ్వమంటే నవ్వింది.

"బావుంది. ఇప్పుడేదైనా చెప్పండమ్మా. నిన్నట్లా బస్సుల పేర్లైనా సరే."

మైకమ్మ నోరు తెరవబోయింది. అప్పుడే గోడ అవతల నుంచి స్పీకరు పలికింది.

"ప్రయాణికులకు వి... వి..."

మాట ఆగిపోయింది. ఆ పదం ఆవిడ నాలుక చివరే ఉంది. ఆ పూటకి బస్సులన్నీ, ప్లాట్‌ఫారాలన్నీ ఆవిడ నాలుక చివరే ఉన్నాయి. స్పీకర్లో గుటకేసిన చప్పుడు వినపడింది. అంతకుమించి ఏ గురగురా లేదు.

"అమ్మా, చెప్పండి" అంది నర్సు.

మైకమ్మ కుడిచెయ్యి ఎత్తి ఆగమంది.

"ఉండమ్మా. ఆయన మాట పూర్తి కానీ."